ఆనీ డిఫ్రాంకో పాట ఎలా ఎదిగింది? సొంత సంస్థ ఉండడం ఆ పాటకు ఏం చేసింది?

ప్రశ్న: దరువు

అందరికీ నమస్కారం. మాది పాలమూరు వైపు పల్లె. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు పాటలు రాసి, బాణీ కట్టి, గిటార్ పట్టుకొని పాడుతూ ఉంటాను. చిన్న చిన్న సభల్లో పాడినవి కొన్ని ఫోన్లలో చేతులు మారి కాస్త జనంలోకి వెళ్లాయి. ఈ మధ్య ఒక యూట్యూబ్ ఛానల్ వారు పిలిచి, చిత్రీకరణ ఖర్చంతా తామే పెట్టుకుంటామని, అందుకు బదులుగా మాట మీదా బాణీ మీదా సర్వహక్కులూ శాశ్వతంగా తమకు రాసివ్వాలని అడిగారు. ఆలోచించుకొని చెబుతానని వచ్చేశాను.

ఈ సంగతి విన్న మిత్రుడొకరు నాకు అమెరికా గాయని ఆనీ డిఫ్రాంకో పేరు చెప్పారు. ఇరవయ్యో ఏట నుంచే సొంత సంస్థ పేరు మీద పాటలు విడుదల చేసుకుంటూ, పెద్ద కంపెనీలు పిలిచినా వెళ్లకుండా, మూడు దశాబ్దాలు దాటినా అదే పద్ధతిలో ఉన్నారట. అప్పటి నుంచి ఆమె గురించి దొరికిందల్లా చదువుతున్నాను. అయితే చదివిన వ్యాసాల్లో ఎక్కువ భాగం వ్యాపారం కథే: ఎవరికీ లొంగలేదు, ఇంత అమ్మారు, అంత సంపాదించారు. ఆమె పాట ఎక్కడ మొదలైంది, ఎలా మారుతూ వచ్చింది, పైన పెత్తనం చేసేవాళ్లు లేకపోవడం ఆ మార్పులో ఎంతవరకు వినిపిస్తుంది అన్నది చెప్పేవారు తక్కువ. ఆల్బమ్‌ల జాబితా చూస్తే ఇరవై దాటి ఉంది. ఎక్కడి నుంచి వినాలో తెలియడం లేదు. ఒకటి రెండు విన్నాను గాని, గిటార్ మీద ఆమె చేస్తున్న పని నా చెవికి అందినా చేతికి అందలేదు.

ఆమెను చాలాకాలంగా వింటున్నవారు ఈ గుంపులో ఉంటే వివరంగా రాయమని మనవి. నా ఒప్పందం సంగతి పక్కన పెట్టినా సరే, ఆమె సంగీతం గురించి తెలుసుకోవాలని ఉంది.

జవాబు: పాతక్యాసెట్

దరువు గారూ, నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్నాను, ఆమె కచేరీలు చూశాను, ఆల్బమ్‌లు కొని దాచుకున్నాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ఆమె 1970 సెప్టెంబరు 23న బఫెలోలో పుట్టారు. న్యూయార్క్ అనగానే మనకు ఆకాశహర్మ్యాల మహానగరమే తోస్తుంది గాని, బఫెలో ఆ రాష్ట్రానికి పడమటి కొసన, ఈరీ సరస్సు ఒడ్డున, కెనడా సరిహద్దును ఆనుకొని ఉన్న కార్మికుల ఊరు. ఉక్కు పరిశ్రమ కుప్పకూలి జనం ఊరు విడిచిపోతున్న కాలంలో ఆమె పెరిగారు. తొమ్మిదేళ్ల వయసులో మైకేల్ మెల్డ్రమ్ అనే స్థానిక గాయకుడు ఆమెకు గిటార్ గురువయ్యారు. ఆయన బార్లలో పాడేవారు, బయటి ఊళ్ల నుంచి పాటగాళ్లను రప్పించి కచేరీలు పెట్టించేవారు, ఈ పిల్లను కూడా వెంటబెట్టుకెళ్లి బీటిల్స్ పాటలు పాడించేవారు. ఆమె సంగీతంలో తర్వాత వచ్చిన ప్రతి మలుపుకూ మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. గదిలో కూర్చొని సాధన చేసి, పక్వానికి వచ్చాక వేదిక ఎక్కిన మనిషి కారు ఆమె. తాగుతూ, మాట్లాడుకుంటూ, పాట వైపు తల తిప్పని జనం ముందు నిలబడి, వాళ్ల తల తిప్పించడమే ఆమె తొలి పాఠం.

పదిహేనేళ్ల వయసులో తల్లి వేరే రాష్ట్రానికి వెళ్లిపోతుంటే ఆమె బఫెలోలోనే ఉండిపోయారు. మైనరుగా ఉండగానే చట్టరీత్యా పెద్దల సంరక్షణ నుంచి విడివడి, తన బతుకు తాను చూసుకోవడం మొదలుపెట్టారు. అప్పటికే సొంత పాటలు రాస్తున్నారు. తర్వాత న్యూయార్క్ నగరానికి చేరి, న్యూ స్కూల్ అనే విశ్వవిద్యాలయంలో సెకూ సుండియాటా దగ్గర కవిత్వం చదువుకున్నారు. సుండియాటా నల్లజాతి కవి. కవిత్వాన్ని సంగీతంతో కలిపి వేదిక మీద పలికేవారు. మాటలో ఉన్న లయను చెడగొట్టకుండానే దాన్ని పాటలోకి తీసుకురావచ్చని ఆమె అక్కడ నేర్చుకున్నారు. ఆమె పాటల్లో కొన్ని చరణాలు పాడుతున్నట్టు కాక, ఎదుటివారితో వాదిస్తున్నట్టు వినిపించడం, ఒక్కోసారి సంగీతం ఆపేసి వట్టి మాటగా చెప్పేయడం మీరు గమనించే ఉంటారు. అది ఆ గురువు ముద్ర. ఆ గురువుగారి ఆల్బమ్‌నే 2000లో ఆమె సంస్థ విడుదల చేసింది.

1990లో తన పేరే పేరుగా తొలి ఆల్బమ్ వచ్చింది. గొంతు, గిటార్, అంతే. మొదట ఐదు వందల క్యాసెట్లు వేయించి, పాడిన చోటల్లా తానే అమ్ముకున్నారు. తన సొంత సంస్థకు ఆమె పెట్టుకున్న రైటియస్ బేబ్ రికార్డ్స్ అనే పేరు వినడానికి గంభీరంగా ఉంది గాని, ఆ రోజుల్లో ఆ సంస్థ అంటే ఒక కారు, అందులో గిటార్, క్యాసెట్ల పెట్టె. కళాశాలల్లో, కాఫీ దుకాణాల్లో, ఫోక్ ఉత్సవాల్లో, స్త్రీల సంగీత ఉత్సవాల్లో పాడుతూ ఊరూరా తిరిగారు. కొన్నవాళ్లు స్నేహితులకు నకలు తీసి ఇచ్చేవారు. మళ్లీ ఆ ఊరికి వెళ్లేసరికి పాటలు ముందే తెలిసిన జనం ఉండేవారు. ఒక్కసారిగా పేలిన కీర్తి కాదిది, ఊరి తర్వాత ఊరుగా పాకింది.

సంగీతపరంగా తొలి మూడు నాలుగేళ్లలో మార్పు నెమ్మదిగా వచ్చింది. ఆ కాలంలోనే ఆండీ స్టొచాన్‌స్కీ అనే కెనడా డ్రమ్మరు తోడయ్యారు. గిటార్ మీద ఆమె వేసే దరువుకు ఎదురు దరువు దొరికింది. 1995లో వచ్చిన నాట్ ఎ ప్రెటీ గర్ల్, 1996లో వచ్చిన డైలేట్ వింటే పాట నిర్మాణమే మారిపోయినట్టు తెలుస్తుంది. అంతకుముందు ఆవేశం మాటల్లో ఉండేది, గిటార్ దాన్ని మోసేది. ఇక్కడ ఆవేశం మౌనాల్లోకి, పల్లవి దగ్గర ఉన్నట్టుండి ఆగిపోవడంలోకి, ఒకే తీగను సాగదీయడంలోకి వచ్చింది. 1997 నాటి లివింగ్ ఇన్ క్లిప్ రెండు డిస్కుల కచేరీ రికార్డు. జనం నవ్వులు, మధ్యలో ఆమె కబుర్లు, తడబాట్లు అన్నీ అందులో ఉంచేశారు. పెద్ద కంపెనీలో అయితే సంపాదకుడు మొదట కత్తిరించేవి అవే. దానికి అమ్మకాలను బట్టి ఇచ్చే గోల్డ్ గుర్తింపు వచ్చింది.

1998లో లిటిల్ ప్లాస్టిక్ కాజిల్ అమెరికా ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ జాబితాలో 22వ స్థానంలో ప్రవేశించింది. అందులో ఇత్తడి వాద్యాలు వచ్చాయి. చివరి పాట పద్నాలుగు నిమిషాల పాటు సాగుతుంది, జాన్ హాసెల్ ట్రంపెట్ దాని వెనక పొగలా పరుచుకొని ఉంటుంది. ఆ తర్వాత నాలుగైదేళ్లు పెద్ద బృందంతో జాజ్, ఫంక్ వైపు వెళ్లారు. తొలినాటి శ్రోతల్లో కొందరు అలిగారు, గిటార్ ఏమైందని అడిగారు. 2004లో ఎడ్యుకేటెడ్ గెస్ కోసం బృందాన్ని పంపేసి, పాత ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం ముందు ఒక్కరే కూర్చొని పాడి, వాయించి, రికార్డు చేసి, మిక్సింగ్ కూడా తానే చేశారు. ఆ మరుసటి ఏడాదే గాయకుడు, నిర్మాత జో హెన్రీని సహనిర్మాతగా పక్కన కూర్చోబెట్టుకున్నారు. పూర్తి ఏకాంతం వెంటనే, కావాలని తెచ్చుకున్న తోడు. ఆమె సంగీతం మొత్తం ఈ రెండు కొసల మధ్య ఊగుతూ వచ్చిందని నేను చూస్తాను.

జవాబు: ఆరుతీగలు

పాతక్యాసెట్ గారు జీవితం చెప్పారు కాబట్టి నేను చేతుల సంగతి చెబుతాను. దరువు గారూ, ఆమె కుడిచేతి వేళ్లకు ప్లాస్టిక్ గోళ్లు అతికించుకొని, అవి ఊడిపోకుండా పైన కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు చుట్టుకుంటారు. పాత ఫొటోల్లో స్పష్టంగా కనిపిస్తుంది. మామూలు గోరుతో ఆమె మీటినట్టు మీటితే ఒక పాట ముగిసేలోగా గోరు పోతుంది.

ఆ చేయి చేసే పని మన డప్పు వాయించేవారి రెండు పుల్లల పనిలాంటిది. బొటనవేలు కింది స్థాయి తీగల మీద ఆగకుండా నడుస్తుంది. మిగిలిన వేళ్లు తీగలను పైకి గుంజి వదిలేస్తాయి. తీగ తిరిగి మెట్ల మీద పడి టక్కుమంటుంది. ఆ టక్కు సరిగ్గా ఎదురు దరువు మీద పడుతుంది. ఎడమచేయి తీగలను నొక్కడంతో పాటు ఎప్పటికప్పుడు వాటి నోరు మూయిస్తుంది. మీ చేతికి అందనిది బహుశా ఈ మూయించడమే. స్వరం ఎంతసేపు మోగాలన్నదాని కన్నా ఎక్కడ తెగిపోవాలన్నదే ఆ లయను పుట్టిస్తుంది. కాబట్టి ముందు స్వరాలు వదిలేయండి. ఎడమ అరచేతిని తీగల మీద మెత్తగా ఆనించి, కుడిచేత్తో వట్టి దరువు మాత్రం కట్టండి. అది నిలదొక్కుకున్నాక ఒక్కొక్క స్వరాన్ని లోపలికి రానివ్వండి.

రెండోది శ్రుతి. ఆమె పాటల్లో చాలా భాగం మామూలు గిటార్ శ్రుతిలో లేవు. కింది తీగలను బాగా వదులు చేసి, పాట పాటకూ వేరు శ్రుతి పెడతారు. వదులు తీగ గట్టిగా గుంజితే గుర్రుమంటుంది, కొంచెం అపస్వరంగా వంగుతుంది. ఆ వంపు ఆమెకు కావలసిందే. ఇంకొక లాభం కూడా ఉంది. శ్రుతి మారితే వేళ్లకు అలవాటైన దారులన్నీ మూసుకుపోతాయి, చేయి కొత్త దారి వెతుక్కోక తప్పదు. బాణీలు ఒకదాన్ని ఒకటి పోలకుండా ఉండడానికి ఇది మంచి ఉపాయం. శ్రుతి మార్చుకునే వ్యవధిలో జనంతో ముచ్చటించడం కూడా ఆమె కచేరీలో భాగమైపోయింది. తర్వాతి కాలంలో నాలుగు తీగల టెనర్ గిటార్ కూడా చేపట్టారు.

ఒక హెచ్చరిక. ఈ వాయించే తీరు మణికట్టును పిండేస్తుంది. 2005లో ఆమె చేతి స్నాయువుల వాపుతో (టెండనైటిస్) నెలల తరబడి కచేరీలు ఆపుకోవలసి వచ్చింది. ఆ విరామానికి ముందూ తర్వాతా వచ్చిన పాటలు పక్కపక్కన పెట్టి వింటే, తర్వాతి వాటిలో చేయి తేలికైనట్టు, ఖాళీ పెరిగినట్టు నాకు వినిపిస్తుంది. మీరు ఆ దెబ్బ తినకుండానే ఆ ఖాళీ నేర్చుకోండి.

జవాబు: చిట్టాపద్దు

పై ఇద్దరితో నాకు పెద్దగా పేచీ లేదు. అయితే ప్రశ్నలో ఉన్న మరో మాటకు, పెత్తనం లేకపోవడం పాటలో వినిపిస్తుందా అన్నదానికి, ఇద్దరూ మంచి వైపే చూపించారు. నేను రెండో వైపు కూడా చూపిస్తాను.

ముందుగా, ఆమె ఒంటరిగా ఏదీ చేయలేదు. స్కాట్ ఫిషర్ అనే బఫెలో న్యాయవాది సంస్థ బాధ్యతలు మోశారు. తొలి రోజుల్లో స్త్రీల సంగీతాన్ని పంపిణీ చేసే గోల్డెన్‌రాడ్, లేడీస్లిప్పర్ వంటి చిన్న సంస్థలు ఆమె క్యాసెట్లను దుకాణాలకు చేర్చాయి. ఇంటి నుంచి తెప్పించుకునేవారి కోసం ఆన్ హర్ ఓన్ అనే అక్షరాలు వచ్చేలా ఒక ఉచిత ఫోన్ నంబరు పెట్టారు. 2024లో ఆమె మీద వచ్చిన డాక్యుమెంటరీకి ఆ నంబరే పేరు. అచ్చుపని, చొక్కాల ముద్రణ వీలైనంతవరకు బఫెలో వారికే ఇచ్చేవారు. మనవాళ్లు సొంతంగా చేస్తానని బయలుదేరినప్పుడు పాట ఒక్కటీ తమదైతే చాలనుకుంటారు. పాట వెనక బిల్లులు రాసే మనిషి, పార్శిళ్లు కట్టే మనిషి, ఒప్పందం చదివే మనిషి ఉన్నారా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఉంటేనే సొంత సంస్థ. లేకపోతే అది సొంత తలనొప్పి.

ఇక పాట సంగతి. వద్దు అనే మనిషి లేనప్పుడు ఏం జరుగుతుందో 1999 చూస్తే తెలుస్తుంది. జనవరిలో ఒక ఆల్బమ్, నవంబరులో ఇంకొకటి, వాటి మధ్య వృద్ధ గాయకుడు యూటా ఫిలిప్స్‌తో కలిసి మూడోది. 2001లో ఏకంగా రెండు డిస్కుల జంట ఆల్బమ్. వీటిలో గొప్ప పాటలు ఉన్నాయి, కాదనను. వాటి పక్కనే ఇంకో నెల ఊరబెడితే బాగుండేది అనిపించే పాటలూ ఉన్నాయి. వేదిక మీద పండిన పాటను స్టూడియోలో హడావుడిగా రికార్డు చేసి వదిలేసిన చోట్లు కూడా ఉన్నాయి. ఇది నా గొణుగుడు మాత్రమే అనుకోకండి. 2007లో ఎంపిక చేసిన పాటలతో కేనన్ అనే సంకలనం తెచ్చినప్పుడు, అందులో ఐదు పాత పాటలను ఆమె మళ్లీ కొత్తగా పాడి రికార్డు చేశారు. 1993లోనే తొలి రెండు ఆల్బమ్‌ల పాటలను మళ్లీ పాడి లైక్ ఐ సెడ్ పేరుతో తెచ్చిన చరిత్ర కూడా ఉంది. తన రికార్డింగులతో తనకే పూర్తిగా తృప్తి లేని కళాకారిణి చేసే పని అది. మరో వైపు నుంచి చూస్తే, మాస్టర్ టేపులూ (అసలు రికార్డింగులు) హక్కులూ తన చేతిలో ఉన్నాయి కాబట్టే అలా తిరిగి చేసుకోగలిగారు. హక్కులు కంపెనీ దగ్గర ఉన్న గాయకుడికి తన పాటను మళ్లీ రికార్డు చేయాలంటే ఒప్పందంలో ఎన్నో అడ్డంకులు ఉంటాయి.

2013 చివర ఇంకొకటి జరిగింది. లూసియానాలో ఒకప్పుడు బానిసలతో సాగుచేయించిన నాటవే తోటబంగళాలో పాటల రచన శిబిరం ప్రకటించారు. నల్లజాతి స్త్రీల నుంచి, తన సొంత శ్రోతల నుంచి నిరసన వెల్లువెత్తింది. శిబిరం రద్దు చేశారు గాని, రద్దు చేస్తూ ఇచ్చిన తొలి ప్రకటనలో సమర్థింపు ఎక్కువైందని ఇంకా విమర్శ వచ్చింది. జనవరిలో మరో ప్రకటనలో క్షమాపణ చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్లంతా తన మనుషులే అయినప్పుడు ముందుగా ఆపే గొంతు వినిపించకపోవచ్చని నేను దీన్ని అర్థం చేసుకున్నాను.

డబ్బు కథలతో విసిగిపోయానన్నారు కాబట్టి ఒక్క మాట. 1997లో మిజ్ అనే అమెరికా స్త్రీవాద పత్రిక ఆమెను స్త్రీవాదుల జాబితాలో చేర్చి, ఒక్కో ఆల్బమ్ మీద ఆమెకు ఎంత మిగులుతోందో లెక్క కూడా రాసింది. ఆమె ఆ పత్రికకు బహిరంగ లేఖ రాశారు. తన సమాధి రాయి మీద సంస్థ అధిపతి అని కాక పాటలు కట్టే మనిషి అని ఉండాలని కోరుకుంటున్నట్టు అందులో చెప్పుకొన్నారు. మీ విసుగు ఆమెకూ ఉంది.

దరువు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆరుతీగలు గారు చెప్పినట్టు స్వరాలు వదిలేసి దరువు మాత్రమే కట్టి చూశాను. చేయి ఇప్పుడిప్పుడే మాట వింటోంది. చిట్టాపద్దు గారి మాటల నుంచి ఇంకో సందేహం పుట్టింది. వద్దు అనేవాళ్లు లేరన్నారు. మరి ఆమె ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోలేదా? తొలి గురువులిద్దరి తర్వాత ఆమె పాటను మలిచినవారు ఉన్నారా? యూటా ఫిలిప్స్ అన్నారు, ఆయన ఎవరు?

జవాబు: పాతక్యాసెట్

మంచి ప్రశ్న. చిట్టాపద్దు గారి వాదనకు నా సమాధానం కూడా ఇందులోనే ఉంది.

యూటా ఫిలిప్స్ ఆమె కన్నా ముప్పై అయిదేళ్లు పెద్ద. యుద్ధం ముగిశాక కొరియాలో సైనికుడిగా పనిచేసి వచ్చి, సరుకు రైళ్లెక్కి దేశమంతా తిరిగి, కార్మిక సంఘాల పాటలూ కథలూ పోగుచేసి చెప్పిన మనిషి. 1996లో ఆయన పాత కచేరీల టేపులు గంటల కొద్దీ తెప్పించుకొని, పాటలు పక్కనపెట్టి, పాటకూ పాటకూ మధ్య ఆయన చెప్పిన కథలను మాత్రం ఏరి, వాటి కింద తాను కట్టిన దరువులు పరిచి ఒక ఆల్బమ్ చేశారు ఆనీ. ఆయన గొంతు ముసలి గొంతు, నిదానం; కింద ఆడుతున్నది తొంభయ్యవ దశకపు కుర్రకారు దరువు. కుదరదనిపిస్తుంది, వింటే కుదిరింది. 1999లో ఇద్దరూ న్యూ ఆర్లీన్స్‌లోని కింగ్స్‌వే స్టూడియోలో కొద్దిమంది శ్రోతల ఎదుట కూర్చొని, బృందంతో కలిసి ఫెలో వర్కర్స్ రికార్డు చేశారు. అది గ్రామీకి నామినేట్ అయింది. అప్పటిదాకా తన ప్రేమలు, తన కోపాలు, తన శరీరం గురించి రాసిన ఆమెకు, తన వెనక వందేళ్ల కార్మికుల పాట ఉందన్న స్పృహ ఆ సాంగత్యం వల్ల గట్టిపడింది.

దాని ఫలం 2012లో కనిపిస్తుంది. కెంటకీలోని హార్లన్ కౌంటీ బొగ్గు గనుల పోరాటంలో 1931లో ఫ్లారెన్స్ రీస్ రాసిన పాటను తీసుకొని, పల్లవినీ బాణీనీ ఉంచి, చరణాలు తన కాలానికి తగ్గట్టు మార్చి రాశారు. ఆ రికార్డింగులో బాంజో వాయించింది ఉద్యమ పాటల పెద్ద గాయకుడు పీట్ సీగర్. అప్పటికి ఆయనకు తొంభై దాటాయి. రీస్ కూడా ఆ పాటను పాత బాణీ మీదే కట్టుకున్నారు. తెలిసిన వరస మీద కొత్త మాట కట్టడం మన పల్లెల్లోనూ, ఉద్యమాల్లోనూ తెలియనిది కాదు కాబట్టి మీకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. నాట్లప్పుడు పాడుకునే వరస మీద రేపటి సభకు పాట కట్టే ఊరి నుంచే మీరు వచ్చి ఉంటారు.

ఇంకొకరు అనాయిస్ మిచెల్ అనే గాయని, రచయిత్రి. ఆమె రాసిన హేడ్స్‌టౌన్ అనే పాటల నాటకం 2010లో ఆల్బమ్‌గా రైటియస్ బేబ్ నుంచే వచ్చింది, అందులో పెర్సెఫొనీ పాత్ర పాడింది ఆనీ డిఫ్రాంకో. తర్వాత ఆ నాటకం న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల వీధి బ్రాడ్‌వేకు వెళ్లి 2019లో ఎనిమిది టోనీ నాటక పురస్కారాలు గెలుచుకుంది. 2024లో ఆనీ స్వయంగా బ్రాడ్‌వే వేదిక మీద అదే పాత్ర వేశారు. వయసు యాభై మూడు. జీవితమంతా తన పాట, తన శ్రుతి, తన వేగం అన్నట్టు గడిపిన మనిషి, వేరొకరు రాసిన స్వరాన్ని, వేరొకరు నిర్ణయించిన వేగంలో, రోజూ ఒకేలా పాడడానికి ఒప్పుకొన్నారు. గిటార్ చేతిలో లేదు. చిట్టాపద్దు గారు చెప్పిన వద్దు అనే గొంతును ఆమె ఆ వయసులో తానే వెతుక్కుంటూ వెళ్లారని నాకు తోస్తుంది.

మరిచాను, బఫెలోలో కూల్చివేతకు సిద్ధమైన పందొమ్మిదో శతాబ్దపు మెథడిస్టు చర్చిని సంస్థ తరఫున కొని, బాగుచేయించి, 2006 నుంచి కచేరీ మందిరంగా నడుపుతున్నారు. పేరు బేబ్‌విల్. ఆమె మాత్రం చాలాకాలంగా న్యూ ఆర్లీన్స్‌లో ఉంటున్నారు.

జవాబు: నల్లకోటు

పాట విషయంలో నాకు చెప్పే అర్హత లేదు. దరువు గారు సంతకం పెట్టలేదన్నారు కాబట్టి, మన చట్టంలో ఏముందో క్లుప్తంగా చెబుతాను. అసలు కాగితం చూడకుండా ఇంతకు మించి చెప్పడం సరికాదు.

కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి. ఏ పాట, ఏ ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ప్రతిఫలం ఎంత అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగానూ పరిగణిస్తారు. అయితే మీవారు శాశ్వతంగా అని రాయమంటున్నారు, కాబట్టి ఆ ఐదేళ్ల రక్షణ మీకు అందదు. 2012 సవరణ తర్వాత మాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ మరొక రక్షణ ఉంది: రికార్డు చేసిన పాట వినియోగం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వదులుకుంటున్నట్టు మీరు రాసిచ్చినా అది చెల్లదు. ఆ వాటా వసూలు కావాలంటే రచయితలు, స్వరకర్తల సంఘమైన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం ఉండడం మేలు. సర్వహక్కులు రాసివ్వడానికి బదులు, ఫలానా వీడియోకు, ఫలానా కాలానికి అని లైసెన్సు ఇస్తానని అడిగి చూడండి. ఒప్పుకోకపోతే వారికి కావలసింది వీడియో ఒక్కటే కాదని తెలుస్తుంది.

జవాబు: చిట్టాపద్దు

నల్లకోటు గారి మాటకు ఆనీ డిఫ్రాంకో కథలోనే ఉదాహరణ ఉంది. 1995 నాటి ఆమె పాట ఒకదాన్ని 1997లో అలానా డేవిస్ అనే గాయని పెద్ద కంపెనీ తరఫున పాడితే, అది అమెరికా తొలి నలభై పాటల్లోకి వెళ్లింది. రేడియోలో మోగింది వేరొకరి గొంతు. రచయితగా పాట మాత్రం ఈమెదే. మాట, బాణీ మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. మీ కాగితంలో ఈ రెండూ ఒకే వాక్యంలో కలిపేశారేమో చూసుకోండి.

జవాబు: ఆరుతీగలు

ఎక్కడి నుంచి వినాలన్న ప్రశ్నకు ఇంకా ఎవరూ సూటిగా చెప్పలేదు. ముందు లివింగ్ ఇన్ క్లిప్ వినండి, అది కూడా హెడ్‌ఫోన్లతో. కుడిచేతి టక్కులు విడివిడిగా వినిపిస్తాయి. తర్వాత 1990 నాటి తొలి ఆల్బమ్‌కు వెళ్లండి. అవే చేతులు ఇరవయ్యేళ్ల వయసులో ఎంత తొందరపడేవో తెలుస్తుంది. మూడోది ఎడ్యుకేటెడ్ గెస్. అది మొదటిసారి చికాకు పెడుతుంది, గొంతుల మీద గొంతులు, ఎక్కడా నున్నదనం ఉండదు. మూడోసారికి గాని లొంగదు. ఇత్తడి వాద్యాల కాలం ఆ తర్వాత. 1999 నాటివి చిట్టాపద్దు గారు ఎంత విసుక్కున్నా, ఫెలో వర్కర్స్ మాత్రం వదలకండి. ఆ దరువు సాధన ముందుకు వెళ్లాక మీ పాట ఒకటి రికార్డు చేసి ఇక్కడ పెడితే, ఎడమచేయి ఎక్కడ ఆలస్యమవుతోందో చెబుతాను.